జక్కూరులో అడ్డగాలి

బెంగుళూరు వెళ్ళి వచ్చిన మన ఉద్యోగ మిత్రులను ఏమేమి చూశారని అడిగితే లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, విధానసౌధ, బన్నేరుఘట్ట అని వరుసగా చెబుతారు. పిల్లలు వెంట ఉంటే విశ్వేశ్వరయ్య మ్యూజియం పేరు కూడా ఆ జాబితాలో చేరుతుంది. జక్కూరు చూశామని చెప్పినవారు మాత్రం ఇంతవరకు మాకు తారసపడలేదు. అందుకు వారిని తప్పుపట్టవలసిన పని లేదు. అది యాత్రాస్థలం కాదు. అక్కడ శిల్పాలు లేవు, ఉద్యానవనాలు లేవు. ఉన్నదల్లా ఒక చిన్న విమానాశ్రయం. అయినప్పటికీ యంత్రాల మధ్య జీవితం గడిపే మనవంటి వారికి ఆ మైదానం నేర్పగల పాఠం ఒకటున్నదని మా నమ్మకం.

నగరానికి ఉత్తరాన, హెబ్బాళ దాటి యలహంక వైపు సాగే బళ్ళారి రోడ్డు పక్కన జక్కూరు ఉన్నది. మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడయారు ఇచ్చిన భూమిలో 1940ల చివర ఇక్కడ ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల వెలసింది. 1993లో సంస్థ పనిమీద ఆరు నెలలపాటు మేము ముగ్గురు ఇంజనీర్లం బెంగుళూరులో ఉండవలసి వచ్చింది. ఆదివారాలు సిటీ బస్సెక్కి జక్కూరు చేరి, కంచె పక్కన చెట్టు నీడలో కూర్చొని, చిన్న విమానాలు ఎగరటం, దిగటం చూడటం మాకొక అలవాటయింది. ఎగరటం చూడముచ్చటగా ఉండేది. దిగటం మాత్రం మమ్మల్ని ఆలోచింపజేసేది.

గాలి గీసిన గీత

జక్కూరు రన్‌వే ఒక కొసన 08 అనీ, మరో కొసన 26 అనీ అంకెలు కనిపిస్తాయి. ఇవి వరుస సంఖ్యలు కావు, దిక్సూచి చూపే కోణాలు. చివరి సున్నా తీసివేసి రాస్తారు కనుక 08 అంటే 80 డిగ్రీలు, దాదాపు తూర్పు. 26 అంటే 260 డిగ్రీలు, దాదాపు పడమర. విమానం సాధ్యమైనంతవరకు గాలికి ఎదురుగా దిగాలి. అప్పుడు రెక్కల మీదుగా పోయే గాలివేగం తగ్గకుండానే నేలతో పోల్చిన వేగం తగ్గుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానానికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అది నేలను తాకేది 70 కిలోమీటర్ల వేగంతోనే.

దక్కను పీఠభూమి మీద జూన్ నుంచి సెప్టెంబరు వరకు ప్రధానంగా పడమటి గాలులు, శీతాకాలంలో తూర్పు గాలులు వీస్తాయి. అందువల్లనే జక్కూరు మాత్రమే కాక యలహంక, పాత హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం, దేవనహళ్ళిలోని కొత్త విమానాశ్రయం కూడా తూర్పు పడమరలుగానే నిర్మితమయ్యాయి. మన హైదరాబాదులోని బేగంపేట, శంషాబాదు రన్‌వేల సంగతీ అంతే. పటం తెచ్చి ఒకసారి చూడండి: అన్నీ ఒకే చేయి గీసిన గీతల్లా కనిపిస్తాయి. ఆ చేయి గాలిదే.

అయితే గాలి ఏడాది పొడుగునా మాట మీద నిలబడదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫారసు ప్రకారం, ఒక విమానాశ్రయపు రన్‌వేల దిశలను కనీసం 95 శాతం సమయంలో అడ్డగాలి పరిమితికి లోబడి ఉండేలా ఎంచుకోవాలి. ఆ పరిమితి పెద్ద రన్‌వేలకు గంటకు 37 కిలోమీటర్లు, అతి చిన్నవాటికి 19 కిలోమీటర్లు. మిగిలిన 5 శాతాన్ని ఇంజనీరు పైలట్‌కు అప్పగించాడన్న మాట. మన రూపకల్పనలన్నింటిలోనూ ఇటువంటి 5 శాతం ఒకటి ఉండనే ఉంటుంది. దానిని ఎప్పుడూ ఎవరో ఒక మనిషి మోయవలసిందే.

మైదానం బాటగా మారిన నాడు

అడ్డగాలి అనేది ప్రకృతి కల్పించిన సమస్య కాదంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. గాలికి అడ్డం, నిలువు అనేవి లేవు. మనం నేల మీద ఒక గీత గీసి, దాని మీదనే దిగాలని నియమం పెట్టుకున్న తర్వాతనే గాలి అడ్డమయింది.

తొలినాళ్ళలో విమానాశ్రయమంటే విశాలమైన పచ్చిక మైదానం. పైలట్ పైనుంచి గాలిసంచి చూసుకొని, గాలి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపుకు తిరిగి దిగేవాడు. 15 అక్టోబరు 1932న జె.ఆర్.డి. టాటా తపాలా సంచులతో కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయి వచ్చి జుహూలో దిగినప్పుడు అక్కడున్నది అటువంటి మైదానమే. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. వారు నడిపిన పుస్ మాత్ విమానం నేల మీద తోక ఆనించి కూర్చునే రకానిది. వర్షాకాలంలో జుహూ మైదానం బురదమయమయ్యేది కనుక ఆ నెలల్లో సర్వీసును పుణెకు మార్చేవారు. విమానాలు బరువెక్కిన కొద్దీ గట్టి బాట అనివార్యమయింది. బాట రావటంతో బురద బెడద పోయింది. కాని ఏ దిక్కుకైనా తిరిగి దిగే స్వేచ్ఛ కూడా దానితోపాటే పోయింది. ఆ స్వేచ్ఛలో కొంతైనా మిగుల్చుకోవాలనే జుహూ వంటి చోట్ల వేర్వేరు దిక్కులకు రెండు రన్‌వేలు వేశారు. జక్కూరులో ఉన్నది మాత్రం ఒక్కటే.

తోకచక్రం మర్మం

మేము జక్కూరు వెళ్ళిన రోజుల్లో మా చూపంతా పుష్పక్ విమానం మీదనే ఉండేది. అది అదే నగరంలో, మనవంటి మరో ప్రభుత్వరంగ సంస్థ అయిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో పుట్టినది. ఆ సంస్థలో వి.ఎం. ఘాటగే నాయకత్వాన రూపొందిన హెచ్.టి.-2 శిక్షణ విమానం 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. 1958 సెప్టెంబరులో పుష్పక్, మరుసటి సంవత్సరం కృషక్, 1970లలో పొలాల మీద మందు చల్లే బసంత్ దాని వెంట వచ్చాయి. ఇవన్నీ తోకచక్రపు విమానాలే. పుష్పక్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. 90 అశ్వశక్తి ఇంజను, సుమారు 11 మీటర్ల రెక్కలు, ఉక్కు గొట్టాల చట్రం మీద కప్పిన గుడ్డ. మనుషులు, ఇంధనంతో సహా మొత్తం బరువు 613 కిలోలకు మించదు. సుమారు 160 పుష్పక్‌లు తయారై దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు చేరాయి. ఒక తరం పైలట్లు వాటి మీదనే ఓనమాలు దిద్దుకున్నారు.

ఇటువంటి విమానానికి ముందువైపు రెండు ప్రధాన చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం ఉంటాయి. ముక్కు పైకెత్తి కూర్చుంటుంది కనుక ప్రొపెల్లరు గడ్డికి, రాళ్ళకు తగలదు. ముందు చక్రం, దాని కాడ లేనందున బరువు కలిసివస్తుంది. ఎగుడుదిగుడు నేలను ఓర్చుకుంటుంది. ఇన్ని సుగుణాలకు ప్రతిగా అది ఒక మూల్యం అడుగుతుంది.

ట్రాక్టరుకు తగిలించిన ట్రాలీని ముందుకు లాగుతున్నంతసేపు అది బుద్ధిగా వెంట వస్తుంది. అదే ట్రాలీని వెనక్కు తోసి చూడండి: కొంచెం వంకర పోతే ఆ వంకర తనంతట తానే పెరుగుతుంది. డ్రైవరు అరక్షణం ఏమరితే ట్రాలీ అడ్డం తిరిగిపోతుంది. తోకచక్రపు విమానం నేల మీద పరుగెత్తే తీరు ఇదే. దాని గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. విమానం కాస్త పక్కకు తిరిగి నేలను తాకితే చక్రాల వద్ద ఘర్షణ ముందుభాగాన్ని పట్టి ఆపుతుంది. వెనుకనున్న బరువు జడత్వం కొద్దీ మునుపటి దారినే పోజూస్తుంది. ఈ రెండూ కలిసి వంకరను మరింత పెంచుతాయి. చివరికి విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు రాసుకుంటుంది. దీనినే వైమానికులు గ్రౌండ్ లూప్ అంటారు. ముక్కు కింద చక్రమున్న విమానంలో గరిమనాభి ప్రధాన చక్రాలకు ముందు ఉంటుంది. అక్కడ అదే ఘర్షణ వంకరను సరిచేస్తుంది.

దీనికి అడ్డగాలి తోడైతే కథ ఇంకా చిక్కబడుతుంది. తోక మీది నిలువు పలక చక్రాలకు చాలా వెనుక ఉంటుంది కనుక, గాలి దానిని ఒక పక్కకు నెడితే ముక్కు గాలి వచ్చే వైపుకు తిరుగుతుంది. దానిని నిలువరించే సాధనం పైలట్ పాదాల కింది పెడళ్ళు కదిలించే రడ్డరు. అయితే రడ్డరు బలం దాని మీదుగా పోయే గాలివేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగం 30కి తగ్గేసరికి ఆ బలం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. పక్క నుంచి వీచే గాలి మాత్రం తగ్గదు. అంటే, చూసేవారికి ప్రమాదం దాటినట్లు కనిపించే ఆ క్షణాలలోనే పైలట్ చేతిలోని ఆయుధం మొద్దుబారుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉన్నది.

దానికి తోడు జక్కూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పలచన. వేగసూచిక ఎప్పటి అంకెనే చూపుతున్నా విమానపు వాస్తవ వేగం నాలుగైదు శాతం ఎక్కువగా ఉంటుంది.

ఒక ఏప్రిల్ సాయంకాలం

కర్ణాటకలో ఏప్రిల్ నెల మామిడి జల్లుల కాలం. మధ్యాహ్నానికి మబ్బులు లేస్తాయి. గాలి తన వార్షిక నియమాలన్నీ మరిచి ఏ దిక్కు నుంచైనా వీస్తుంది. అటువంటి ఒక ఆదివారం నాలుగు గంటల వేళ గాలిసంచి దక్షిణం నుంచి ఉత్తరానికి బిగుసుకొని నిలిచింది. అంటే రన్‌వేకు నిట్టనిలువునా అడ్డంగా. ఒక పుష్పక్ ఇంకా ఆకాశంలోనే ఉన్నది. కంచెకు అవతలి వైపు మెకానిక్ ఒకాయన చేతులు తుడుచుకుంటూ దానికేసి చూస్తున్నాడు. మా తెలుగు విని పలకరించాడు. హిందూపురం వైపు మనిషి. వయసు యాభై పైబడి ఉంటుంది.

విమానం తూర్పు నుంచి రన్‌వే వైపు వచ్చింది. దాని ముక్కు రన్‌వే వైపు లేదు. ఎడమకు, గాలి వచ్చే వైపుకు తిరిగి ఉన్నది. మాకు వెంటనే గోదావరి జ్ఞాపకం వచ్చింది. కొవ్వూరు రేవు నుంచి రాజమండ్రి వైపు పడవ నడిపేవాడు గమ్యానికి సూటిగా పట్టడు. ప్రవాహానికి ఎగువన గురిపెడితేనే కోరిన రేవుకు చేరతాడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానానికి 20 కిలోమీటర్ల అడ్డగాలి తగిలితే ముక్కును సుమారు 12 డిగ్రీలు గాలిలోకి తిప్పవలసి ఉంటుంది.

పడవకు అక్కడితో సరిపోతుంది. విమానానికి చాలదు. అలా ఏటవాలుగానే చక్రాలు ఆనితే అవి పక్కకు ఈడ్చుకుపోతాయి. కనుక నేలకు చేరువవుతుండగా పైలట్ కుడి కాలితో రడ్డరు తొక్కి ముక్కును రన్‌వేకు సూటిగా తెచ్చాడు; అదే క్షణంలో ఎడమ రెక్కను గాలి వైపు కొద్దిగా వంచాడు. కాలు ముక్కును నిలిపితే, వంచిన రెక్క కొట్టుకుపోకుండా నిలుపుతుంది. చేయి ఒక వైపుకు, కాలు మరో వైపుకు పనిచేయవలసిన ఘట్టమిది.

అంతలో ఒక విసురు వచ్చింది. విమానం రెండు మీటర్లు పైకి లేచి కుడివైపుకు జరిగింది. వెంటనే ఇంజను హోరెత్తింది. విమానం తిరిగి పైకెక్కి, మబ్బుల కింద చుట్టు తిరగటానికి సాగిపోయింది. మాలో ఒకరు, “అయ్యో, తప్పిపోయిందే!” అన్నారు. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

“తప్పిపోవడం కాదు సార్. నచ్చలేదు, మళ్ళా వస్తాడు. అంతే.”

తూర్పున వాన కాలు దించుతున్నది. మరొక చుట్టుకు వ్యవధి ఉన్నదో లేదో మాకు తెలియదు. ఆయనా మాట్లాడలేదు. ఆ నాలుగైదు నిమిషాలు చాలా దీర్ఘంగా గడిచాయి.

రెండవసారి విమానం మునుపటిలాగే వచ్చింది. ఎడమ రెక్క వంగింది. ఎడమ చక్రం, తోకచక్రం దాదాపు ఒకేసారి నేలను ముద్దాడినట్లు ఆనాయి. కుడి చక్రం ఇంకా గాలిలోనే ఉన్నది. ఒక్క క్షణం ఆ విమానం ఒంటికాలి మీద పరుగెత్తినట్లు కనిపించింది. తర్వాత కుడి చక్రం కూడా దిగింది. మేము చప్పట్లు కొట్టబోయాము.

“ఉండండి సార్,” అన్నాడాయన, చూపు తిప్పకుండానే. “చక్రాలు ఆనినాయి గానీ, విమానం ఇంగా దిగలేదు.”

అప్పుడు చూశాము. వేగం తగ్గుతున్న కొద్దీ ముక్కు ఎడమకు లాగుతున్నది. తోక మీది రడ్డరు చేప తోకలా అటూ ఇటూ చురుగ్గా ఆడుతున్నది. వంకర పుట్టకముందే దానిని తుంచివేస్తున్నట్లున్నది ఆ ఆట. విమానం నెమ్మదించిన కొద్దీ రెక్క చివరి ఎయిలరాన్లు గాలి వైపుకు మరింతగా మళ్ళుతున్నాయి. పైలట్ చేతి పని తగ్గలేదు, పెరిగింది. విమానం నడక వేగానికి వచ్చేసరికి మెకానిక్ మా పక్కన లేడు. పరుగున పోయి ఎడమ రెక్క కొస పట్టుకొని, విమానంతోపాటు నడుస్తూ, అది తన చోటికి చేరి, రెక్కలకు తాళ్ళు బిగించేవరకు వదలలేదు. ఆరువందల కిలోలైనా నిండని విమానానికి, దుమారం వేళ, నేల మీద కూడా మనిషి తోడు కావాలి. తాళ్ళు ముడివేసిన రెండు నిమిషాలకు వాన కురిసింది.

ఈనాటి జక్కూరు

ఇటీవల కుటుంబంతో బెంగుళూరు వెళ్ళినప్పుడు మళ్ళీ ఆ దారిన ప్రయాణించాము. బళ్ళారి రోడ్డు మీద ఎత్తైన వంతెన రహదారి వచ్చింది. మేము కూర్చున్న చెట్టు చోటు గుర్తించలేకపోయాము. చుట్టూ అంతస్తుల భవనాలు పెరిగాయి. భవనాలను రాసుకొని వచ్చే గాలి సుడులు తిరుగుతుంది. కనుక కట్టడాలు పెరిగిన చోట చిన్న విమానపు పైలట్‌కు గాలిసంచి చెప్పని గాలి కూడా ఎదురవుతుంది.

తోకచక్రపు విమానాలు కూడా అరుదయ్యాయి. భారత వైమానిక దళంలో హెచ్.టి.-2 స్థానంలోకి వచ్చిన దీపక్ విమానానికి ముందు చక్రమే ఉన్నది. ఫ్లయింగ్ క్లబ్బుల పిల్లలు సెస్నా వంటి ముందుచక్రపు విమానాల మీద నేర్చుకుంటున్నారు. ఇది మంచి మార్పే. మనిషి ఏమరుపాటును యంత్రం సరిదిద్దగలిగితే ఇంజనీరుకు అంతకన్న కావలసినదేమున్నది? అయితే యంత్రం క్షమిస్తున్నది కదా అని పాదాలు పెడళ్ళ మీద నిద్రపోకూడదు. ముందు చక్రం వంకరను సరిచేస్తుందే గాని అడ్డగాలిని ఆపదు.

మన కర్మాగారంలోనూ షట్‌డౌన్ పనులు పూర్తయి యంత్రం తిరిగి నడక అందుకున్న క్షణాన అందరి ముఖాలలో విశ్రాంతి కనిపిస్తుంది. ఆ తర్వాతి గంటలో బేరింగు ఉష్ణోగ్రత మీద, ప్రకంపనల మీద కన్ను వేసి నిలిచే ఆపరేటరును చూసినప్పుడల్లా రెక్క కొస వదలని ఆ హిందూపురం మెకానిక్ మాకు గుర్తుకు వస్తాడు.

బెంగుళూరు వెళ్ళే మిత్రులకు ఒక సూచన. జక్కూరు లోపలికి ఎవరైనా వెళ్ళటానికి వీలుండదు. విమానాల మీద ఆసక్తి ఉన్న పిల్లలను పాత విమానాశ్రయం రోడ్డులోని హెచ్.ఎ.ఎల్. మ్యూజియానికి తీసుకువెళ్ళండి. 2001లో ప్రారంభమైన ఆ మ్యూజియంలో మన దేశపు విమాన నిర్మాణ చరిత్ర కళ్ళకు కడుతుంది. అదీ కుదరకపోతే, ఈసారి ఏ ఊరికి విమానంలో వెళ్ళినా రన్‌వే మీది అంకెను చూసి అక్కడి గాలి ఏ దిక్కుదో పిల్లల చేత చెప్పించండి. చక్రాలు నేలను తాకగానే సీటు బెల్టు విప్పబోయే పక్కవారిని మృదువుగా వారించండి. ముందు గదిలో ఒకరి పాదాలు ఇంకా పెడళ్ళ మీదనే ఉన్నాయి.